జింక కంటపడని బట్టలు

జింకకు కనపడకుండా ఉండాలంటే మనిషి ఏ రంగు బట్టలు వేసుకోవాలో తేల్చడానికి, తొంభై మూడో సంవత్సరం చలికాలం చివర్లో, మస్కట్ నగరంలో వాడి కబీర్ అనే పేట‌లోని జయరాముడుగారి ఇంట్లో ఒక శుక్రవారం ఉదయం సభ జరిగింది. జయరాముడుగారు మా ఆయన పనిచేసే కంపెనీకి మేనేజరు. ఒమాన్‌లో జింకల వేట నిషేధమన్న అభ్యంతరం ముందుగానే సభ దృష్టికి వచ్చింది. సభ దాన్ని ఆదరంగా విని పక్కన పెట్టింది. తుపాకీ ఎవరి దగ్గరా లేదన్న రెండో అభ్యంతరాన్ని, ముందు బట్టలు తేలనివ్వండంటూ వాయిదా వేసింది. టీ వచ్చింది. సమోసాలు వచ్చాయి. ఖాళీ కప్పులు వెళ్లిపోయాయి.

ఇంత గొప్ప సభలో నాకు చోటు దొరకడానికి కారణం నా చదువు. కడపలో బీయస్సీ జువాలజీ పాసయ్యాను. జావెద్‌తో పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. జావెద్ ఆ కంపెనీలో అకౌంట్స్ గుమాస్తా. ఒంటిగది ఫ్లాటు, ఇద్దరికీ ఒకే దిండు, కిటికీ తెరిస్తే గోధుమరంగు కొండ, కింద కొట్లో పొద్దున్నే దొరికే వేడి ఖుబ్బూస్ రొట్టె. ఇన్ని సుఖాలు ఒక్క మనిషికే ఎలా ఇచ్చారా అని నేను రోజూ ఆశ్చర్యపడుతూనే ఉన్నాను. ఇవి నిలవాలంటే నా విజిట్ వీసా ఫ్యామిలీ వీసాగా మారాలి. మారాలంటే జయరాముడుగారు సంతకం పెట్టాలి. "వేట కానివ్వండి, చూద్దాం" అన్నారాయన. నా గడువు నెలాఖరుకి అయిపోతుంది. కాబట్టి ఎక్కడో మైదానంలో మేస్తున్న ఒక జింక మీద నా కాపురం ఆధారపడి ఉంది.

జయరాముడుగారు లేచి ఉపన్యసించారు.

"వేటకి కావలసింది తుపాకీ కాదండీ, వేషం! మనిషి ప్రకృతిలో కలిసిపోవాలి. ప్రకృతంటే ఏవిటీ? పచ్చదనం!"

"అవునండి" అన్నారు ప్రసాద్ బాబుగారు. ఆయన రెండో వేటగాడు, ఒక ఆసుపత్రిలో స్టోర్సు చూసే అధికారి, అవునండి అనడంలో చాలాకాలపు అనుభవం గలవారు. తాము వెళ్లబోయే మైదానాన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. వాళ్లు చూసిన వేటలన్నీ గోడ క్యాలెండర్లలో జరిగినవి. క్యాలెండర్లలో చెట్లుంటాయి.

తరవాత శాస్త్రం ఏమంటుందని నన్నడిగారు.

"సార్, అక్కడ చెట్లుండవు. రాళ్లు, దుమ్ము, అంతే. దుమ్ము రంగు బట్టలు వేసుకోండి. ఉతికి ఉతికి వెలిసినవైతే ఇంకా మంచిది. ఇస్త్రీ వద్దు, అత్తరు వద్దు. కదలకుండా కూర్చుంటే చాలు."



"అమ్మాయ్, నువ్వు చెబుతున్నవి లేబర్ బట్టలు" అన్నారు జయరాముడుగారు, జాలిగా. "రేపు ఫోటో తీస్తే నన్నెవరనుకుంటారు?"

"అవునండి" అన్నారు ప్రసాద్ బాబుగారు.

జావెద్ బల్ల కింద నా కాలు తొక్కాడు. "షైస్తా, చుప్! సంతకం కావాల్నా వద్దా?" అని గొణిగాడు. నేను నా జువాలజీని వెనక్కి తీసుకున్నాను.

మిలిటరీవాళ్ల మచ్చల బట్ట మామూలు జనం తొడుక్కోరాదని ఎవరో చెప్పారు. అందుచేత, జయరాముడుగారి హాలు కిటికీకి వేలాడుతున్న పరదా బట్టనే ఎంపిక చేశారు. ముదురాకుపచ్చ, దాని మీద అరచేతులంత ఆకులు. రువీ బజారులో అదే బట్ట తాను దొరికింది. ఇద్దరికీ సూట్లు, మిగిలినదాంతో టోపీలు కుట్టించారు. కుట్టి వచ్చిన రోజున శాస్త్రీయ పరీక్ష కూడా జరిగింది. జయరాముడుగారు సూటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, తమ కిటికీ పరదా ముందు నిలబడ్డారు. కళ్లజోడు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏవండీ, ఉన్నారాండీ?" అని ప్రసాద్ బాబుగారు నిజంగానే కంగారు పడ్డారు.

చప్పట్లు మోగాయి. మైదానం ఆ కిటికీ దగ్గరే ఓడిపోయింది.

ఆ తరవాత జయరాముడుగారి శ్రీమతి సూట్లకి చిక్కటి గంజి పెట్టించి ఇస్త్రీ చేయించారు. కొత్తబట్టలు గనక భర్తగారి సూటు అంచులకి పసుపు రాశారు. ప్రసాద్ బాబుగారి సూటుకి పసుపు బదులు పాస్టరుగారి ప్రార్థన జరిగింది. బయల్దేరే ముందు, ఒమానీ ఇళ్లలో అతిథులకు చేసే మర్యాదను అనుసరించి, ఇద్దరికీ సాంబ్రాణి పొగ పట్టి అత్తరు జల్లారు. కంటికి కనపడకపోయినా ముక్కుకైనా తెలియాలని జింకల మీద అంత దయ.

బండి వచ్చింది. నిజ్వా దాటి, హైమా దారి పట్టాం. శాస్త్ర సలహాదారు హోదాలోనూ, బిర్యానీ డబ్బాల రక్షణాధికారి హోదాలోనూ నేను వెనక సీటులో ఉన్నాను. దుపట్టా కింద జావెద్ చిటికెనవేలు నా వేలిని పట్టుకుని ఉంది. ఒమాన్ రోడ్లు చాలా బాగుంటాయి.

మైదానంలో ఒక్క చెట్టు లేదు. ఆకాశం నాలుగువైపులా నేలకు ఆనుకుని ఉంది. అందులోకి రెండు పరదాలు దిగాయి. అడుగు వేస్తే గంజి సూట్లు అప్పడాలు విరిగినట్టు చప్పుడు చేశాయి. కనుచూపు మేరలో ఆకుపచ్చగా ఉన్నవి ఆ రెండే. దూరంగా జింకలు తలలెత్తి చూశాయి. పాపం, పారిపోలేదు. మర్యాదస్తుల దగ్గర ఉంచవలసిన దూరం ఉంచాయి. వీళ్లు వంగితే అవి ఆగాయి. వీళ్లు లేస్తే అవి నడిచాయి.

"ఇంతకీ తుపాకీ ఏదండీ?" అన్నారు ప్రసాద్ బాబుగారు.

"ముందు దగ్గరకి రానివ్వండి, మహానుభావా!"

డ్రైవరు బండి నీడలో టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. అతని చొక్కా ఒకప్పుడు ఖాకీ. ఇప్పుడది మైదానం రంగు. వీళ్లు ఆ వైపు వెళ్లగానే, ఈ వైపు నుంచి ఒక జింక, వెనకే తడబడే కాళ్ల పిల్లతో, బండి నీడకు వచ్చి నిలబడింది. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. దాని కళ్లకు ఎవరో కాటుక దిద్దినట్టుంది.

"అమ్మా, సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు డ్రైవరు, పెదవి కదపకుండా. "ఎండకు తాళలేక వొచ్చింది. పిల్లతల్లి."

జింక అతని ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉంది. అతనూ చూస్తూనే ఉన్నాడు. ఆనందం పట్టలేక నేను జావెద్ చెయ్యి గిల్లాను. తను "అబ్బా!" అన్నాడు. జింకా పిల్లా మాయమయ్యాయి. అదే క్షణంలో దూరంగా దుమ్ము లేచింది. వన్యప్రాణుల కాపలాదారుల గస్తీ బండి.

"దాక్కోండి!" అని పరుగెత్తుకొచ్చారు జయరాముడుగారు. చుట్టూ చూశారు. దాక్కోవడానికి కిటికీ లేదు. సీటు వెనక డ్రైవరు పెట్టుకున్న రెండో జత బట్టలు కనిపించాయి. మేనేజరుగారు బండి చాటున వాటిని తొడుక్కుని, తలకు పాత తువ్వాలు చుట్టుకుని, డ్రైవరు పక్కన గొంతుక్కూర్చున్నారు.

కాపలాదారులు తుపాకీ కోసం వెతికారు. అది లేదు గనక దొరకలేదు. ప్రసాద్ బాబుగారిని చాలాసేపు చూశారు.

"యే క్యా పహనా హై?" ఏం తొడుక్కున్నావని.

"పరదా" అన్నారాయన. ఆ రోజు మొత్తంలో ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే. వాళ్లు నవ్వుకున్నారు. మా కాగితాలు చూశారు. టైరు దగ్గరున్న ఇద్దరినీ బండి సామానుతో జమకట్టారు. వెళ్తూ వెళ్తూ ఒకతను జయరాముడుగారికి మేం పారేసిన కమలాపండు తొక్కలు చూపించి, "సదీక్, యే కచరా ఉఠావ్" అన్నాడు. సదీక్ అంటే అరబ్బీలో నేస్తం, అక్కడ కూలివాళ్లందరినీ అలాగే పిలుస్తారు. ఆయన ఏరారు. అనుభవం లేకపోయినా శుభ్రంగా ఏరారు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. జయరాముడుగారు అవే బట్టల్లో, ఖాళీ డబ్బాల బుట్టతో వెళ్లి గంట కొట్టారు. శ్రీమతిగారు తలుపు ఓరగా తీసి, ఆయన భుజం మీదుగా వీధిలోకి చూశారు.

"సామాను వెనక గుమ్మం దగ్గర పెట్టు. సారేరీ?"

"నేనేనే!"

"అదే, సారేరీ అంటున్నా!"

గుమ్మంలో లైటు వెలుగుతూనే ఉంది.

మర్నాడే నా కాగితం మీద సంతకం పడింది. "ఆ బట్టల సంగతి మనలోనే ఉండాలమ్మా" అన్నారు ఫోనులో, చాలా మెత్తగా. వేట ఫోటో కూడా ఆ హాల్లోనే, ఆ పరదా ముందే తీయించుకున్నారు. అందులో రెండు కళ్లజోళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. వచ్చినవాళ్లంతా చూసి, ఎంత సహజంగా వచ్చిందో అంటారు. నా కాపురం నిలిచింది. ఇప్పుడు మాకు రెండో దిండు కూడా ఉంది, కానీ వాడటం లేదు.

పాఠకులు కూడా సామాన్యులు కారు. సభలో టీ తానే నడిచి వచ్చిందంటే నమ్మారు. బండి తానే వచ్చిందంటే ఎక్కి కూర్చున్నారు. సంతకమైన కాగితం మా ఇంటికి ఎవరు తెచ్చారని అడగలేదు. డ్రైవరని చెప్పాక కూడా పేరు అడగలేదు. అడగవలసిన అవసరం కలగకపోవడమే ఆ రంగు గొప్పతనం. ఇవన్నీ తెచ్చిన అతని పేరు భూమయ్య. ఊరు జగిత్యాల దగ్గర. అతనికీ భార్య ఉంది. ఆమెను ఇక్కడికి తెచ్చుకోవడానికి అతని జీతానికి రూలు ఒప్పుకోదు గనక, ఆ సంతకం ప్రసక్తి ఎవరింట్లోనూ సభకు రాలేదు.

ఇంత దేశంలో అతని ముఖంలోకి చూసినది ఆ పిల్లతల్లి ఒక్కతే. అది జువాలజీ చదవలేదు.