కాళ్ళున్న మోటార్లు

మొక్కల ఎదుగుదల పరిశోధనా కేంద్రానికి కొత్త డైరెక్టరుగా నీటి సరఫరా శాఖ ఇంజనీరు గారిని వేశారు. మొక్కలకు నీళ్ళు కావాలి కాబట్టి ఇందులో వింతపడవలసిందేమీ లేదు. అంతకుముందున్నాయన మొక్కల శాస్త్రమే చదివారట. ఆయన్ని పశువుల శాఖకు పంపారు. పశువులు మొక్కల్నే కదా తినేది.

కొత్తాయన్ని అందరూ పంపుల సారు అంటారు. చప్పుడు విని మోటారు జబ్బు చెప్పగల మనిషి. ఇక్కడి మొక్కలేమో కిక్కురుమనవు. పైగా ఉద్యోగం తాత్కాలికం. తనిఖీకొచ్చే పెద్దలు "ఈయనకు విషయం తెలియదు" అన్నారంటే పాత ఆఫీసుకు పోవాలి. అక్కడ పై కుర్చీలో ఇప్పుడు స్వయానా బావమరిది కూర్చున్నాడు. చెవి మెలేసి లెక్కలు నేర్పిన వాణ్ణి "సార్" అని పిలవాలి.

"తమ్ముడే కదండీ, ఆఫీసులో సార్ అంటే ఏం పోయింది? ఇంట్లో మామూలుగానే ఉందురు గానీ," అని భార్య ఓదార్చింది. ఆ ఓదార్పు విన్నాక పంపుల సారు దేవుడి ముందు కూర్చునే సమయం బాగా పెరిగింది.

తనిఖీ దగ్గరపడుతుండగా, గాజుగదిలో గిడసబారిన మొలకల సంగతి చెప్పడానికి పరిశోధకురాలు వచ్చింది.

"మొక్కలో కణం రెండుగా విడిపోయేటప్పుడు మధ్యలో గోడ లేవాలండీ. దానికి కావలసిన సరుకు మోటార్లే మోసుకొస్తాయి. ఈ మొలకల్లో ఒక రకం మోటారు చెడిపోయింది. గోడ సగంలో ఆగింది. అందుకే ఎదుగూ బొదుగూ లేదు."

పంపుల సారు కుర్చీలోంచి లేచారు. కళ్ళు చెమర్చాయి. "మొక్కల్లో మోటార్లున్నాయా? ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మోటార్ ప్రోటీన్లండీ. కణంలో సన్నటి దారాలుంటాయి. వాటి మీద నడుస్తాయి."

"నడవకపోతేనే కదా మనల్ని పిలిచేది! ఎన్ని హార్స్‌పవర్?"

"ఆ నడవడం కాదండీ. కాళ్ళలాంటివి రెండుంటాయి. అడుగులో అడుగు వేసుకుంటూ పోతాయి."

"కాళ్ళు అనకూడదమ్మా. స్టాండు అనాలి."

ఆ సాయంత్రం నుంచే కేంద్రంలో పాలన ఊపందుకుంది. ప్రతి కుండీకీ ఎర్తింగు తీగ చుట్టారు. మోటార్లు వేడెక్కకుండా మధ్యాహ్నం వేళ మొక్కలు ఎదగరాదని ఉత్తర్వు వెలువడింది. జంతువుల్లో ఉండే ఒక రకం మోటారు పూలమొక్కల్లో అసలు లేదని పరిశోధకురాలు నోరుజారితే, ఆ ఖాళీని వెంటనే భర్తీ చేయవలసిందిగా పైకి రాశారు.

సగంలో ఆగిన గోడ చూడమని తాపీమేస్త్రీని పిలిపించారు. అతను సూక్ష్మదర్శినిలో ముందు చెడ్డ మొలకను, తర్వాత మంచి మొలకను చూసి బెంబేలెత్తిపోయాడు.

"బాగున్నదాన్లో కూడా గోడ నడిమధ్యన మొదలై అంచులకి పోతోంది సార్! పునాది ఏదీ?"

"మొక్కల్లో అంతేనయ్యా," అంది పరిశోధకురాలు.

"అంతేనేమో గానీ, కట్టింది నేనని మాత్రం ఎవరికీ చెప్పకండమ్మా."

తనిఖీకొచ్చిన పెద్దాయన రవాణా శాఖలో పండిన మనిషి. మోటార్లనగానే ఆయన ముఖమూ వికసించింది.

"బరువులు మోస్తాయా? రూటు పర్మిట్లున్నాయా?"

"దారాల మీదే పోతాయి సార్, పక్కకు తొంగిచూడవు," అన్నారు పంపుల సారు.

"అయితే మా డ్రైవర్లకంటే నయం."

ఇద్దరు పండితులు కలిస్తే చర్చ ఇలాగే సాగుతుంది. అంతా సవ్యంగా ముగుస్తుందనగా పెద్దాయన కుండీ చుట్టూ ఒకసారి తిరిగి, "మరి స్విచ్ ఎక్కడుంది?" అన్నారు.

పంపుల సారు కళ్ళ ముందు బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పరిశోధకురాలు మెల్లగా అంది: "స్విచ్ మనలో ఎవరి దగ్గరా లేదండీ. మనం పుట్టకముందు నుంచీ నడుస్తున్నాయి. చూసి దణ్ణం పెట్టుకోవాలి, ఓపికుంటే అర్థం చేసుకోవాలి. అంతే."

పెద్దాయన ముఖం ముడుచుకుంది. "ఎవరి దగ్గరా లేకపోతే ఇంతమందికి జీతాలెందుకమ్మా?"

"నా దగ్గరుంది సార్!" అన్నారు పంపుల సారు, జేబు మీద చెయ్యేసి.

"అదీ మాట!" అన్నారు పెద్దాయన. జేబులో ఏముందో చూపమని అడగలేదు. ఆయన జేబు కూడా అలాంటిదే.

ఉద్యోగం ఖాయమైంది. ఆ ఆదివారమే బావమరిది ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, మా పెరట్లో బొప్పాయి ఎదగట్లేదు. కాస్త స్విచ్ వేద్దూ."

"అర్జీ పెట్టుకోరా, చూద్దాం."

వార్త పాకింది. ఇప్పుడు కేంద్రం గేటు ముందు తెల్లారకముందే జనం బారులు తీరుతున్నారు. ఎలాగూ ఎదిగే మొక్కలు ఎదుగుతాయి. వాటి యజమానులు దండలు పట్టుకొచ్చి పంపుల సారు మెడలో వేస్తారు. ఎదగని మొక్కలవాళ్ళు తమ అర్జీలోనే ఏదో లోపముందనుకుని, సిగ్గుపడి ఇంకోటి రాసుకొస్తారు. గాజుగది వైపు ఎవరూ పోరు. అక్కడ అర్జీలు తీసుకోరు, మొక్కల్ని చూపిస్తారంతే.

ఆ బారులో ఆఖర్న ఒక పెద్దమనిషి కుండీ చంకనెత్తుకుని నిలబడ్డాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు, మీరింకా రాలేదేమిటా అని.