పట్టు వదిలిన బుల్డోజరు

ఆ ఆదివారం ఉదయం మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో ఉన్న పాత బుల్డోజరు ఇంజను ఒక్కసారి తిరిగితే చాలు, స్నానం చేసి బుద్ధిమంతుడిలా భోజనానికి కూర్చుంటాడు. కుర్రతనంలో తాను తోలడం నేర్చుకున్న బండి అది. మూతపడ్డ క్వారీలో తుప్పు పట్టి పడి ఉందని తెలిసి, ప్రాణం ఉసూరుమని ఇంటికి ఈడ్పించుకొచ్చాడు. అప్పటినుంచి దానికీ ఆయనకీ పంతం. ఏ బోల్టు ముట్టుకున్నా కదిలేది కాదు. నూనె పోసి, మంట చూపించి, బతిమాలి, తిట్టి ఒక్కొక్కటే విడిపిస్తూ వచ్చాడు. పిస్టన్లు మాత్రం సిలిండర్లలో ఉడుంపట్టు పట్టి కూర్చున్నాయి.

“మధ్యాహ్నానికి అది తిరక్కపోతే తుక్కు కొట్టువాడికి కబురు పెడతాను. తర్వాత నన్నని లాభం లేదు,” అంది భార్య.

సాయానికి బావమరిది వచ్చాడు. మంచివాడే గానీ, చెప్పిన పనికి రెండింతలు చేసే రకం. ఇద్దరూ గునపం వేసి ఇంజను వెనకుండే ఫ్లైవీలు చక్రాన్ని అటూ ఇటూ ఊపారు. చెమటలు కారాయి. ఉన్నట్టుండి లోపల ఎక్కడో ‘టక్’మంది. మెకానిక్ గునపం వదిలేసి బండిని తడిమాడు. ఫ్లైవీలు చేత్తో తోస్తేనే తేలిగ్గా తిరిగింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఒరేయ్, చెంబెడు డీజిల్ పొయ్యి. ఒక్క నిమిషం ఆడించి ఆపేద్దాం.”

బావమరిది డబ్బాలో ఉన్నదంతా పోసేశాడు. లారీ బ్యాటరీలు తగిలించగానే ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, దడదడా మొదలైంది. అక్కడితో ఆపి ఉంటే కథే లేదు. కానీ గెలిచిన మనిషికి చెయ్యి ఊరుకోదు. ఎలాగూ వేడి మీద ఉంది కదా అని, మెకానిక్ బిగుసుకుపోయిన గేరు మీటను కూడా సుత్తితో చిన్నగా తట్టాడు. అది కిర్రుమంటూ కదిలి, తిన్నగా గేర్లో పడింది.

బుల్డోజరు బయల్దేరింది.

మెకానిక్ క్లచ్ లాగాడు. పలకలు తుప్పుకి అతుక్కుపోయి ఉన్నాయి. గేరు వెనక్కి లాగాడు, రాలేదు. డీజిల్ ఆపే మీటను లాగితే అది ఊడి చేతికొచ్చింది. పక్కకి తిప్పే మీటలు సరేసరి, వాటిని విడిపించే వంతు ఇంకా రానేలేదు. మోకాలెత్తున బిగుసుకుపోయిన బ్లేడుతో, ముసలాయన నడకంత నిదానంగా, బండి గేటుకు బదులు కట్టిన రేకును తోసుకుంటూ వీధిలోకి నడిచింది.

“డీజిల్ ఎంత పోశావురా?” అని అరిచాడు మెకానిక్.

“భయపడకు బావా! సాయంత్రం దాకా లోటు లేదు!”

“పరిగెత్తరా! ముందు పోయి అందర్నీ తప్పుకోమను!”

బావమరిది పరిగెత్తాడు. మొదటి ఇల్లు రూల్సు మాస్టారిది. ఊళ్లో అందరికీ నిబంధనలు చెప్పే ఆయన, తన రేకుల పందిరిని మాత్రం రోడ్డు మీదికి బారెడు జరిపి వేసుకున్నాడు.

“మాస్టారూ, బుల్డోజర్ వస్తోంది! అడ్డున్నవన్నీ తీసెయ్యండి!”

మాస్టారి చేతిలో పేపరు జారిపోయింది. “నోటీసు లేకుండానా?”

“దానికి నోటీసేం తెలుసండీ! అది ఆగదు!”

“ఎవరు పంపించారు?”

“మా బావే!”

“మీ బావకా ఇచ్చారు కాంట్రాక్టు? పక్కింటివాణ్ణి, ఒక్క మాట చెప్పకూడదూ!” అంటూ మాస్టారు పంచె ఎగ్గట్టి పందిరి గుంజలు పీకడం మొదలుపెట్టాడు. ఆ వార్త బావమరిది కంటే ముందు వీధి చివరికి చేరింది. మునిసిపాలిటీవాళ్లు పడగొట్టడానికి వచ్చేశారట! తప్పు చేసినవాడి చెవికి అన్నీ తప్పెట్లే కదా. దర్జీ తన చెక్క అరుగు లోపలికి లాక్కున్నాడు. ఇనప సామాన్ల కొట్టాయన రోడ్డు మీద పరిచిన నిచ్చెనలూ బకెట్లూ ఎత్తాడు. రోడ్డు మీదికి మెట్లు పేర్చుకున్నవాళ్లు బండలు ఊడబెరికారు. బండి చేరేలోగా ప్రతి గుమ్మం ముందూ దారి ఖాళీ అవుతోంది. చేతులూపి కేకలు పెడుతున్న మెకానిక్‌కు కొందరు దణ్ణాలు కూడా పెట్టారు.

ఇన్ని తప్పినా, వీధి చివర బేకరీ ఉంది. దానికి నేలనుంచి పైకప్పుదాకా అద్దాలు. లోపల జనం. మెకానిక్‌కు అప్పుడు తట్టింది: ఇంజనుకీ ఊపిరి కావాలి!

“గుడ్డ! పెద్ద గుడ్డ ఏదైనా!”

వెనకాలే పరిగెత్తుకొస్తున్న భార్య, ఎవరింటి ముందో దండెం మీంచి దుప్పటి లాగి విసిరింది. “ఏమండీ, కొత్తది!” అని అరిచింది కూడా. ఆయన దాన్ని ఉండచుట్టి గాలి పీల్చే గొట్టంలో కుక్కాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై, రెండుసార్లు వణికి, ఆగిపోయింది. బేకరీ అద్దంలో బ్లేడూ దాని ప్రతిబింబమూ ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా నిలబడ్డాయి.

మెకానిక్ దిగబోయి నేల మీద చతికిలబడ్డాడు. ఎవరికీ గోరంత గాయం కాలేదు. భార్య ఆయన చేతులూ కాళ్లూ తడిమి చూసి, ఏడవబోయి నవ్వేసింది. “తుక్కువాడికి చెప్పన్లెండి. అంత దూరం నడిచిన దాన్ని ఎలా అమ్ముతాం?”

ఇంతలో బేకరీలోంచి, నోట్లో బన్ను ముక్కతో, మునిసిపల్ ఇంజనీరే బయటికొచ్చాడు. ఇక అయిపోయింది అనుకుని మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. ఇంజనీరు చూపు మాత్రం బండి మీద లేదు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా తీర్చి గీసినట్టున్న వీధిని చూస్తూ నమలడం మర్చిపోయాడు.

“ఎంత వెడల్పయ్యా ఇది! మ్యాపులో తప్ప నేనెప్పుడూ చూడలేదు!” అని మెకానిక్ చెయ్యి పట్టుకుని లేపాడు.

పందిరి గుంజ భుజాన వేసుకుని మాస్టారు రొప్పుతూ వచ్చాడు. “సార్, ఆర్డరేదీ? ఏ ఆర్డరు మీద మా పందిళ్లు తీయించారు?”

“మేమెక్కడ తీయించామండీ? మీరే తీసుకున్నారుగా. చాలా సంతోషం,” అన్నాడు ఇంజనీరు.

మాస్టారు భుజం మీది గుంజను కింద పడేశాడు. అంతా విన్న జనం మొదట గుర్రుమన్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత బండిని తాళ్లు కట్టి వెనక్కి లాగడానికి అందరూ ఓ చెయ్యి వేశారు.

ఆ సాయంత్రం పక్క వీధివాళ్లు, ఎవరూ అడక్కుండానే, తమ మెట్లు లోపలికి జరుపుకున్నారు.