స్వీడన్‌కు ఎన్నణాలు?

శుభవార్త బెళుగుప్పకు చేరిన క్షణంలో యశోద, ఆమె భర్త జయరాముడు బస్టాండులో ఒకే పొట్లంలో బొరుగులు తింటున్నారు. పెళ్లయి ఇంకా నెల కాలేదు. మిరపకాయ బజ్జీ కూడా ఒకటే కొని చెరి సగం కొరికారు. ఇద్దరికీ నోరు మండింది, ఇద్దరికీ నవ్వొచ్చింది.

వార్త తెచ్చినవాడు సమితి ప్రెసిడెంటు బయ్యన్న. జీపు ఆగకముందే దూకి, చేతులు రెండూ పైకెత్తాడు.

"ఏమప్పా, విన్నారా! మన ఊరిని స్వీడన్ దేశంతో పోల్చి చూసేదానికి గవర్నమెంటు సెలెక్టు చేసింది!"

"యాడుండాదన్నా అది? రాయదుర్గం అవతలనా?" అంది బజ్జీలు వేసే తిప్పమ్మ.

"ఇంకా అవతల. విమానంలో పోవల్ల."

సంగతేమిటంటే, పరాయి దేశంలో జనం ఎలా బతుకుతున్నారో కళ్లారా చూసి రావాలని మంత్రిగారు జనవరి నెలలో భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని స్వీడన్ వెళ్లి వచ్చారు. ప్రజల కోసం ఆయన చలిని సైతం లెక్కచేయలేదు. ఇక ఏ దేశంలో జీవన ప్రమాణం మెరుగో తేల్చడమే మిగిలింది. అది జయరాముడు పనిచేసే సమితి ఆఫీసుకు అప్పగించారు.

దేశాలను కొలిచే కొలత సమితి ఆఫీసులో లేదు. ఉన్న కొలత ఒక్కటే, అణావారీ. పదహారణాలంటే నిండు పంట. అధికారులు వచ్చి చేలో పైరుందా, పశువులున్నాయా, చెరువులో నీళ్లున్నాయా, జనం వలస పోయారా అని చూసి, ఇన్నణాలని తేలుస్తారు. నాలుగణాల లోపయితే కరువు. కరువైతే ఊరికి నీళ్ల ట్యాంకరు. బెళుగుప్ప బావులన్నీ ఎండిపోయాయి. ఏటా మూడణాలు దాటకుండా ఊరు జాగ్రత్తగా నెట్టుకొస్తోంది కాబట్టి ట్యాంకరు వస్తోంది, ట్యాంకరు వస్తోంది కాబట్టి ఊరుంది.

ఇంటికి వెళ్లే దారిలో జయరాముడు అడిగాడు. "యశోదా, నువ్వు బి.ఏ. చదివినావు గదా. స్వీడన్‌లో ఏముండాది?"

"అన్నీ ఉండాయంట."

"అన్నీ ఉంటే మనమెట్ల గెలుస్తాము?"

యశోద పొట్ట పట్టుకుని నవ్వింది. అంతలోనే నవ్వాపి, "ఏమండీ, మనం గెలిస్తే ట్యాంకరు ఆపేస్తారేమో?" అంది.

"ప్రెసిడెంటు చూసుకుంటాడులే. అణాలు మైకులో చదివేది నేనే, నా పేరు పేపర్లో పడుతుందంట!"

ఆ మాటకు యశోద ట్యాంకరును మరిచిపోయి, మొగుడికి ఏ చొక్కా వేయాలా అన్న ఆలోచనలో పడింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. మామూలుగా అణావారీ అంటే పశువులను దాచే ఊరు, మంత్రిగారు వస్తున్నారు కదా అని ఈసారి గుమ్మఘట్ట నుంచి ఎడ్లను లారీల్లో దించింది. శింగనమల నుంచి జనాన్ని బస్సుల్లో తెచ్చారు. బయ్యన్న తన బీడులో చెరకు గడలను ఆకులతో సహా వరసగా పాతించాడు. వాటి పచ్చదనం చూసి యశోదకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఇంత అందమైన ఊరికి తనను ఇచ్చారు కదా అనుకుంది.

వేదిక మీద రెవెన్యూ ఆఫీసరు బెళుగుప్పను ఒక్క చూపులో చూసేసి, స్వీడన్ సంగతి విచారించాడు. సాక్షి మంత్రిగారే.

"చేలల్లో పైరు ఎట్లుండాది సార్?"

"గరిక పోచ కూడా లేదప్పా. అంతా తెల్లగా మంచు."

"పశువులు?"

"ఒక్క బర్రె కనపడలేదు."

"జనం?"

"వీధులన్నీ ఖాళీ. తలుపులన్నీ మూసినారు."

"వలస," అని ఆఫీసరు గాఢంగా నిట్టూర్చాడు. "చెరువులు సార్?"

"ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నేనే నడిచిపోయినా. బూట్లు కూడా తడవలేదు."

చెరువులో నడిచిపోవడం అంటే ఏమిటో బెళుగుప్పకు ఒకరు చెప్పనక్కరలేదు. తిప్పమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పాపం, యాడ చూసినా మన బతుకే," అంది.

జయరాముడు లేచి, కొత్త చొక్కా సర్దుకుని, మైకులో ప్రకటించాడు. "స్వీడన్, రెండణాలు. బెళుగుప్ప, పద్నాలుగణాలు!"

పలక డప్పులు మోగాయి. ఈలలు లేచాయి. చప్పట్లు కొట్టి కొట్టి యశోద గాజులు రెండు చిట్లాయి. మంత్రిగారు జయరాముడిని కౌగిలించుకున్నారు. ఫొటో కూడా తీశారు.

ఆ వెంటనే ఆఫీసరు వినయంగా లేచాడు. "పద్నాలుగణాల ఊరికి ట్యాంకరు ఇచ్చేదానికి రూల్సు ఒప్పుకోవు సార్."

యశోద చప్పట్లు ఆగిపోయాయి. వెయ్యి మంది నడుమ లేచి నిలబడింది. "సార్, ట్యాంకరు నీళ్లు తప్ప ఊళ్లో ఇంకో చుక్క లేదు సార్! బావులన్నీ ఎండిపోయినాయి. ట్యాంకరు ఆపితే మేమేం తాగల్ల?"

"ఏందమ్మా, దేశాన్నే ఓడించినాము, ఇప్పుడు నీళ్లంటావు?" అన్నాడు బయ్యన్న, నొచ్చుకుని.

మంత్రిగారు మాత్రం కోప్పడలేదు. "చదువుకున్న బిడ్డవు తల్లీ. మనకంటే కష్టంలో ఉండేవాళ్లను చూడల్ల. ఏమప్పా ఆఫీసరూ, రెండణాలొస్తే ఏం చేయమంటాయి నీ రూల్సు?"

"కరువు ప్రాంతంగా ప్రకటించి, వెంటనే ట్యాంకరు పంపల్ల సార్."

"మరింకేం! రేపు పొద్దున ఎనిమిది గంటలకు బెళుగుప్ప ట్యాంకరు స్వీడన్‌కు బయలుదేరుతుంది. పచ్చజెండా నేనే ఊపుతా!"

చప్పట్లతో షామియానా ఊగింది. పేపర్లో దాత స్థానంలో ఊరి పేరు పడుతుందని విని జయరాముడి కళ్లు మెరిశాయి. యశోద ఇంకా నిలబడే ఉంది.

బయ్యన్న మైకు అందుకున్నాడు.

"అక్కల్లారా, ఒక్క మాట. అంత దూరం పోయే బండికి శకునం బాగుండల్ల. ఖాళీ బిందెతో ఎవరూ ఎదురు రావద్దు. రేపు పొద్దున ఇంటికొకరు నిండు బిందె ఎత్తుకుని రోడ్డుకు రెండు పక్కలా నిలబడల్ల!"