నార్మన్ హెప్‌వర్త్ తీసుకున్న మూడు నెలల సెలవు

ఆ వసంతంలో నార్మన్ హెప్‌వర్త్ చేతిలో ఉన్నవి ఇవి: టాడ్‌మోర్డెన్ అనే ఊళ్లో ఆరుబయటి సంతలో ఒక చీజ్ అంగడి, ఇంకా పదకొండేళ్లు కట్టాల్సిన ఇంటి అప్పు, పద్నాలుగేళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పని క్రెడిట్ రికార్డు, భార్య బ్రెండా. ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేది రికార్డు గురించే. బ్రెండా విలువ లెక్క కట్టాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

బ్రెండాకు చలి పడదు. తడిగాలిలో గంటసేపు చీజ్ కోసిందంటే వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడి స్పర్శ పోయేది. అంతకుముందు చలికాలం ఒకసారి కత్తి తగిలింది చీజ్‌కో వేలికో ఆమెకు తెలియలేదు. కొనడానికొచ్చినావిడ కెవ్వుమంటే తెలిసింది. సంతకు ఎదురుగా గది వెచ్చబరిచే రేడియేటరున్న చిన్న దుకాణం ఒకటుంది. అది అమ్మకానికి వస్తే కొనాలని నార్మన్ ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు.

లాక్‌డౌన్ మొదలైన కొత్తలో, ఒక పొద్దున ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగి, పెరట్లో ఉల్లినారు నాటడం. మొదటి మొక్క నాటుతుండగా గోడ అవతలి నుంచి పొరుగింటి జెఫ్ పలకరించాడు.

"ఏం నార్మన్, బ్యాంకుకి ఫోన్ చేశావా?"

"ఎందుకు?"

"ఇంటి వాయిదాలకి మూడు నెలలు సెలవిస్తున్నారయ్యా. అడగడమే ఆలస్యం. క్రెడిట్ రికార్డు మీద చిన్న గీత కూడా పడదట."

"బేరాలు తగ్గిన మాట నిజమేగానీ, కట్టలేనంత ఏం లేదే."

"ఊరికే ఇస్తామంటే వద్దనే వ్యాపారిని ఇప్పుడే చూస్తున్నా!"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. మిగతా ఉల్లినారు బుట్టలోనే ఉండిపోయింది.

బ్యాంకు సెలవును వెంటనే మంజూరు చేసింది. కింద ఒక మాట కూడా రాసింది: మీ ఖాతా నుంచి వాయిదా తీసుకునే ఆటో డెబిట్‌ను మీరు రద్దు చేయకండి, మేమే ఆపుతాం, మేమే మొదలుపెడతాం. నార్మన్ తలుపుకు తాళం వేశాక రెండుసార్లు లాగి చూసుకునే మనిషి.

"వాళ్లు మర్చిపోయి డబ్బు లాగేస్తేనో?" అన్నాడు.

"వద్దని రాశారుగా," అంది బ్రెండా.

"రాసినవాళ్లు వేరు, లాగేవాళ్లు వేరు," అని ఆయన ఆటో డెబిట్‌ను తనే రద్దు చేశాడు.

మూడు నెలలకు మిగిలింది పదమూడు వందల ఎనభై పౌండ్లు. దాంతో పెరట్లోకి ఒక వేడినీళ్ల తొట్టి వచ్చింది. మనిషి మెడదాకా మునిగి కూర్చోవచ్చు, బుడగలు కూడా వస్తాయి.

"ఎవరికిది?"

"నీ చేతులకి."

"చేతులకైతే బేసిన్ చాలదూ?" అంది బ్రెండా. కానీ ఆ సాయంత్రం తొట్టిలో కూర్చుని గులాబీ రంగుకు తిరిగిన తన వేళ్లను చాలాసేపు చూసుకుంది.

నాలుగో నెల బ్యాంకు వాయిదా తీసుకోబోతే ఆటో డెబిట్ లేదు. ఉత్తరం రాసింది. ఐదో నెల మరొకటి రాసింది. ఆ రోజుల్లో క్రిములకు భయపడి వచ్చిన ఉత్తరాలను జనం మూడు రోజులు ఎడంగా పెట్టేవారు. నార్మన్ వాటిని పెరటి షెడ్డులో, ఖాళీ చీజ్ పెట్టెలో పెట్టేవాడు. మూడు రోజులయ్యాక ఆయన మర్చిపోయాడు. నత్తలు మర్చిపోలేదు, చీజ్ వాసన తగిలిన కాగితాన్ని ఇష్టంగా తిన్నాయి. ఆరో నెలలో ఖాతాలో డబ్బు ఎందుకో ఎక్కువగా ఉందని సంతోషించబోయి, విషయం తెలిసి, తప్పిన రెండు వాయిదాలూ ఒకేసారి కట్టేశాడు.

మరుసటి వసంతంలో దుకాణం అమ్మకానికి వచ్చింది. నార్మన్ కోటు వేసుకుని వంటింటి బల్ల ముందు కూర్చుని, అప్పిచ్చే సంస్థలోని మిస్ గ్రీన్‌వుడ్‌తో వీడియోలో మాట్లాడాడు.

"మీ రికార్డులో రెండు వాయిదాలు తప్పినట్టుందండీ."

"అది సెలవమ్మా! గీత పడదన్నారు!"

"సెలవు మూడు నెలలండీ. అవి పడలేదు. ఇవి నాలుగోది, ఐదోది."

అప్పు రాలేదన్న కబురు విని జెఫ్ గోడ దగ్గరికి వచ్చాడు. "ఓ కొత్త కార్డు తీసుకో. కాస్త వాడి, టంచనుగా కట్టెయ్. నీ క్రెడిట్ స్కోరు దానంతటదే లేస్తుంది."

ఒక కార్డుకు లేచే స్కోరు మూడింటికి మూడింతలు లేవాలి కదా అనుకుని నార్మన్ ఒకే మధ్యాహ్నం మూడు కార్డులకు అడిగాడు. కార్డులిచ్చే కంపెనీలవాళ్లు ముగ్గురూ ఆయన రికార్డు తెరిచి చూశారు. చూసినట్టు ముగ్గురూ అందులో గుర్తు పెట్టి వెళ్లారు. ఒకే పూట మూడు గడపలు తొక్కినవాడు ఎంత అవసరంలో ఉన్నాడోనని ఎవరూ ఇవ్వలేదు. స్కోరు ఇంకా దిగింది.

మిస్ గ్రీన్‌వుడ్‌ను మళ్లీ అడిగారు; ఈసారి బ్రెండా కూడా వీడియో ముందు కూర్చుంది. ఆటో డెబిట్ సంగతి, నత్తల సంగతి ఏమీ దాచకుండా చెప్పింది. మిస్ గ్రీన్‌వుడ్ మెత్తబడింది. "పొరపాటని అర్థమైందండీ. ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తాను," అంది. చూస్తూ చూస్తూ ఆగింది.

"వాయిదా కట్టడం కష్టమని సెలవు తీసుకున్న నెలల్లో... ఈ పదమూడు వందల ఎనభై దేనికండీ?"

"వేడినీళ్ల తొట్టి," అన్నాడు నార్మన్. "మా ఆవిడ చేతులకండీ."

బ్రెండా రెండు చేతులూ ఎత్తి కెమెరాకు చూపించింది.

"తొట్టి ఉందిగా, మరి దుకాణం ఎందుకండీ?"

"తొట్టిలో కూర్చుని చీజ్ కొయ్యలేను కదమ్మా!"

మిస్ గ్రీన్‌వుడ్ నవ్వింది. అప్పు మాత్రం ఇవ్వలేదు.

ఆ వారాంతానికి దుకాణం అమ్ముడుపోయింది. కొన్నది జెఫ్.

"నీకెలా కుదిరింది? నువ్వూ సెలవు తీసుకున్నావుగా?" అన్నాడు నార్మన్.

"నేనా? నా ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయిందయ్యా. ఏదో, నీకు పనికొస్తుందని చెప్పాను."

ఆ సాయంత్రం నార్మన్ తొట్టి అంచున కూర్చున్నాడు. ముక్క రుచి చూడకుండా ఏనాడూ చీజ్ కొనని మనిషి. పద్నాలుగేళ్లు నెలనెలా పోగుచేసిన మంచిపేరును మాత్రం, ఊరికే వస్తుందన్న మాట విని ఒక్క పొద్దున అమ్మేశాడు. ధర ఎంతని కూడా అడగలేదు. పక్కన తొట్టిలో బ్రెండా వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ ఉంది. వచ్చే చలికాలం కూడా సంతలోనే.

"నీకు వెచ్చటి గది ఇప్పించలేకపోయాను," అన్నాడు.

బ్రెండా లేచి, ఒళ్లు తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్లింది.

"జెఫ్! మీ ఆవిడ ఇంకా తొట్టి కోసం వెతుకుతోందా?"

"ఎక్కడా లేవు బ్రెండా. క్రిస్మస్ దాకా సరుకు రాదంటున్నారు. ఇంట్లో ఒకటే గోల!"

"మాది తీసుకో. దుకాణం మాకు అద్దెకివ్వు. మొదటి ఆరు నెలల అద్దె కింద చెల్లు."

జెఫ్ తొట్టిలో లేస్తున్న బుడగలను చూశాడు. "సరేగానీ... అద్దెకిచ్చేముందు మీ క్రెడిట్ రికార్డు ఓసారి చూడాలి. పద్ధతి కదా."

నార్మన్ నోరు తెరిచాడు. బ్రెండా చేత్తో ఆపింది.

"రికార్డు కావాలా, తొట్టి కావాలా? ఏదో ఒకటి అడుగు జెఫ్."

మర్నాడు నలుగురు మనుషులు తొట్టిని గోడ దాటించారు.

చివరికి తేలిన లెక్క ఇది. పోయినవి: ఒక తొట్టి, ఆరేళ్లపాటు రికార్డులో చెరగని రెండు మచ్చలు, సెలవు నెలల బాకీ వడ్డీతో సహా అప్పులో కలిసినందుకు ఇక నెలనెలా పన్నెండు పౌండ్లు అదనం. వచ్చినవి: అద్దె దుకాణం, అందులో ఒక రేడియేటరు, దాని పక్కన నిలబడి జనవరి నెలలో గులాబీ రంగు వేళ్లతో చీజ్ కోసే బ్రెండా. ఈసారి ఆమె విలువను నార్మన్ లెక్కలో అన్నిటికన్నా పైన వేసుకున్నాడు.

ఏడో నెల నుంచి జెఫ్ ప్రతి ఒకటో తారీకున అద్దె వసూలుకు వస్తున్నాడు; సెలవుల ఊసు మాత్రం ఎత్తడం లేదు.