చైర్మన్ గారి ముఖమే గ్యారంటీ

నంద్యాల జిల్లాలో ఇక మీదట ఏ ఫోనూ చనిపోదని పునర్జన్మ ఫోన్ల మండలి చైర్మన్ మహానందయ్య గారు ప్రకటించారు. శ్రీనివాస సెంటర్ దగ్గరి కల్యాణమండపంలో శాలువాల కార్యక్రమం పూర్తయ్యాక ఆయన ఈ మాట అన్నారు. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కూర్చున్న నేనూ కొట్టాను. ఆ సభకు ఫ్లెక్సీలు వేసింది నేనే కాబట్టి ముందు వరుస నాకు హక్కు.

నా పేరు గురవయ్య. నంద్యాలలో ఫ్లెక్సీ షాపు నాది. ఈ జిల్లాలో ఏ నాయకుడి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరు ఎవరి మీద అలిగారో, ఎవరు ఎవరితో రాజీ పడ్డారో జనం కన్నా ఒక పూట ముందు నాకు తెలుస్తుంది. అందులోనూ మహానందయ్య గారంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాళ్లది గోనె సంచుల వ్యాపారం చేసే కుటుంబం. పాత సంచులకు మాసికలు వేసి కొత్తవాటి పక్కన పేర్చి అమ్మిన అనుభవం ఉంది కాబట్టే పాత ఫోన్ల బాధ్యత ఆయనకు అప్పగించారని పార్టీలో చెప్పుకుంటారు.

పథకం చాలా గొప్పది. పట్నంలో వాడి పక్కన పడేసిన స్మార్ట్‌ఫోన్లను మండలి సేకరిస్తుంది. వాటిని రిఫర్బిష్ చేసి, పల్లెల్లో మండలి తరఫున నడిచే బాలవాడులకు పంచుతుంది. సభలో సింధూజ అనే విలేకరి లేచి కొన్ని ప్రశ్నలు వేసింది. చైర్మన్ గారు తడుముకోకుండా జవాబులిచ్చారు.

"ఈ ఫోన్లు ముందు ఎవరివి సార్? దొంగ ఫోన్లు కాదని చెక్ చేసినారా?"

"గత జన్మ గురించి అడిగేది మన సంస్కృతి కాదమ్మా."

"బ్యాటరీలు మార్చినారా?"

"మనిషి మళ్లా పుడితే ఆత్మ మారుస్తారా? పాతదే గదా వచ్చేది."

"రేపు ఏదన్నా పేలితే ఎవరిది సార్ గ్యారంటీ?"

"నా మొగం సూడమ్మా. ఇదే గ్యారంటీ."

ఆ సాయంత్రమే ఆయన పీఏ శశిధర్ నా షాపుకు వచ్చాడు. సార్ నోట్లోంచి ఏ మాట రాలినా దాన్ని జీవోగా భావించే మనిషి. ప్రతి ఫోను వెనక కెమెరా ఒక్కటి వదిలి మిగతాదంతా నిండేలా సార్ నవ్వు ముఖంతో స్టిక్కర్ కావాలన్నాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు కూడా ఉండాలన్నాడు. స్టిక్కర్ చిరిగినా, గీసుకున్నా, ఊడినా గ్యారంటీ వర్తించదు, ఫోను పుచ్చుకున్నవారిపై చర్య తీసుకోబడును. నేను మంచి వినైల్ మీద గట్టి జిగురుతో వేసి ఇచ్చాను. నా పనిలో నేను కల్తీ చేయను.

మా వదిన శివమ్మకు అలాంటి ఫోను ఒకటి వచ్చింది. ఆమె ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో బాలవాడి నడుపుతుంది. మిరపకాయలు కోయడానికి పోయే ఆడవాళ్లు పొద్దున్నే పిల్లల్ని ఆమె దగ్గర దింపి, సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి తీసుకుపోతారు. ఆ పిల్లల్లో చాలామందికి కడుపు నిండా దొరికేది మధ్యాహ్నం ఆమె పెట్టే అన్నమే. ఫోనుతో పాటు ఆమెకు కొత్త రూలు కూడా వచ్చింది. పిల్లలు తింటున్న ఫొటో రోజూ ఆ ఫోనులోంచే మండలికి పంపాలి. ఫొటోలు ఆగితే పై వారం బియ్యం ఆగిపోతాయి.

ఫోను తెరవగానే అందులో ఎవరిదో పెళ్లి కనిపించింది. మండలివాళ్లు ఫోన్లు తుడిచిన మాట నిజమే, కానీ గుడ్డతో తుడిచారు. ముందటి యజమాని పెళ్లి ఫొటోలు, అతని అత్తగారు పాయసం తాగుతున్న వీడియో, ఎవరి సంతకమో ఉన్న బ్యాంకు కాగితాలు అన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. పిల్లలకు ఆ పెళ్లికొడుకు అలవాటైపోయాడు. అన్నం తిననని మొండికేసినవాళ్లు అతన్ని చూపిస్తే తినేవాళ్లు. ఈ సంగతి శశిధర్‌కు చెబితే, పౌష్టికాహార రంగంలో పథకం సాధించిన అదనపు విజయమని రిపోర్టులో రాసుకున్నాడు.

కొన్నాళ్లకు చైర్మన్ గారి బుగ్గలు ఉబ్బాయి. మనిషికి కాదు, స్టిక్కర్ మీద. మొదట కుడి బుగ్గ, తర్వాత ఎడమ బుగ్గ, ఆ తర్వాత నుదురు. ఊళ్లో పార్టీ కార్యకర్తలు చూసి, సార్‌కు పదవి బాగా పట్టిందని సంతోషించారు. ఒకాయన బొట్టు కూడా పెట్టాడు. మా వదినకు మాత్రం సంతోషం కలగలేదు. పక్కింటివాళ్ల ఫోన్‌లోంచి నాకు ఫోన్ చేసింది.

"గురవా, ఫోను పూరీ మాదిరి పొంగుతాండాది. పట్టుకుంటే సురుక్కుమంటాది. పిల్లోళ్లు పండుకునే కాడ దీన్ని పెట్టుకోని ఉండాలంటే నాకు గుండె దడదడ కొట్టుకుంటాండాదప్పా."

నేను వెంటనే బస్సెక్కాను. చూస్తే ముందు వైపు అద్దం కూడా అంచున లేచింది. ఆ గదిలో పిల్లలు వరసగా నిద్రపోతున్నారు. నాకు నిజంగా భయమేసింది. ఫోనును ఒక సత్తు గిన్నెలో ఇసుక పోసి అందులో పెట్టుకుని, పిల్లల్ని పక్కింటివాళ్లకు అప్పగించి ఇద్దరం ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర యాకోబు రిపేరు షాపుకు పోయాము. యాకోబు గిన్నెలోకి తొంగిచూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"బ్యాటరీ పోయిందన్నా. ఇంగ చార్జింగు పెట్టొద్దు, మంట లేస్తాది. అది తీసేసి వేరేది ఎయ్యాల."

"అయితే ఎయ్యి."

"ఎట్ల ఎయ్యాలన్నా? మూత ఊడాలంటే హీట్ గన్ పెట్టాల. పెడితే సార్ మొగం కాలతాది."

యాకోబు భయపడటానికి కారణం ఉంది. కోయిలకుంట్లలో ఒక మెకానిక్ ఇలాంటి ఫోనుకే హీట్ గన్ పెట్టాడట. అటుగా పోతున్న కార్యకర్తలు చూశారు. సార్ ముఖం నుంచి పొగ వస్తోంది. దిష్టిబొమ్మ దహనం చేస్తున్నాడని షాపు ముందు బైఠాయించారు. ఆ కబురు తెలిసి ప్రతిపక్షంవాళ్లు వచ్చి, ఒంటరిగా పోరాడుతున్న వీరుడని మెకానిక్‌కు దండ వేసి ఊరేగించారు. ఆ మనిషి ఇప్పుడు ప్రతిపక్షంలో పట్టణ ఉపాధ్యక్షుడు. ఫోన్లు బాగుచేసే తీరిక అతనికి లేదు. యాకోబుకు రాజకీయాల్లోకి వచ్చే ఉద్దేశం లేదు కాబట్టి గిన్నె మా చేతికే తిరిగి ఇచ్చాడు.

నేను నంద్యాల వచ్చి శశిధర్‌ను కలిశాను. ఉబ్బిన ఫోను ఫొటో చూపించాను. అతను దాన్ని చాలాసేపు శ్రద్ధగా చూశాడు. సమస్య తీవ్రమైనదేనని ఒప్పుకున్నాడు. సార్ ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తున్నారని, ఇది ప్రతిష్ఠకు సంబంధించిన విషయమని అన్నాడు. పిల్లల సంగతి గుర్తుచేశాను. పిల్లలు సార్‌ను లావుగా చూస్తూ పెరగడం కూడా మంచిది కాదన్నాడు. చివరికి ఒక పరిష్కారం కనిపెట్టాడు. ముందే బుగ్గలు లోపలికి పోయిన ముఖంతో స్టిక్కర్ వేస్తే, బ్యాటరీ ఉబ్బినప్పుడు సార్ సరిగ్గా సార్ మాదిరే ఉంటారు. రెండో విడత ఫోన్లకు ఆ స్టిక్కర్లు నాకే ఆర్డర్ ఇచ్చాడు. ఇంత దూరం ఆలోచించే పీఏలు తక్కువ.

మొదటి విడతలో దొరికిపోయిన మా వదిన తన తిప్పలు తను పడింది. ఫోనును పెరట్లో గోడ మీద, ఎండ తగలకుండా కుండ బోర్లించి దాచింది. చార్జింగు పెట్టాలంటే పిల్లలందరినీ వీధిలోకి తోలి, తను దూరంగా నిలబడి చూసేది. అన్నాల వేళకు పొయ్యి దగ్గరి పట్టకారుతో ఫోనును పట్టుకుని వచ్చి, చెయ్యి చాచి, మొహం పక్కకు తిప్పుకుని ఫొటో తీసేది. పారేయమని నేను ఎన్నోసార్లు చెప్పాను. పారేస్తే బియ్యం నువ్వు తెస్తావా అని అడిగింది.

ఈలోగా బుగ్గల వార్త జిల్లా అంతా పాకింది. గోస్పాడులో ఒకరి జేబు కాలిందని, పాములపాడులో ఒకరి దిండు కాలిందని జనం అనుకోవడం మొదలుపెట్టారు. పుకార్లను అణచడానికి మండలి ఫోన్ల భద్రతా వారోత్సవం ప్రకటించింది. ఆళ్లగడ్డలో సభ పెట్టారు. 'భద్రతే మా బ్యాటరీ' అని నేనే ఫ్లెక్సీ వేశాను. చైర్మన్ గారు మైకు ముందు నిలబడి జేబులోంచి ఒక ఫోను తీసి పైకెత్తారు.

"నేను వాడేది గూడా పునర్జన్మ ఫోనే. రాత్రి తలకింద పెట్టుకోని పండుకుంటా. ఎప్పుడన్నా ఏమన్నా అయిందా నాకు?"

ఆ ఫోనుకు మాత్రం స్టిక్కర్ లేదు. తన ముఖం తనే పట్టుకు తిరగడం వినయం అనిపించుకోదని ఆయన వద్దన్నారట. జనం చప్పట్లు కొడుతుండగా మా వదిన స్టేజీ ఎక్కింది. చేతిలో పళ్లెం, దాని మీద గుడ్డ. హారతి అనుకుని అందరూ దారి ఇచ్చారు. గుడ్డ తీస్తే ఉబ్బిన ఫోను. విషయం రెండు ముక్కల్లో చెప్పింది. చైర్మన్ గారు చలించిపోయారు. అప్పటికప్పుడు తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నంద్యాల గోడౌనుకు ఫోన్ చేసి, ఈ ఆడబిడ్డకు రేపు పొద్దున కల్లా కొత్త బ్యాటరీ చేరాలని గట్టిగా చెప్పారు. అవతలివాళ్లు ఏదో అడ్డం చెబితే కోప్పడ్డారు కూడా. ఆ కోపం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

మా వదిన కదల్లేదు.

"బ్యాటరీ వచ్చినా మూత తీసేటోడు లేడన్నా. నీది మంచిదంటాండావు గదా. నీది నాకియ్యి. నాది నువ్వు పెట్టుకో."

సభ హోరెత్తింది. ఇలాంటి త్యాగం చేసే అవకాశం నాయకుడికి మళ్లీ మళ్లీ రాదని పక్కనున్నవాళ్లు అన్నారు. శశిధర్ ఎందుకో చైర్మన్ గారి మోచెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే కెమెరాలు తిరుగుతున్నాయి. చైర్మన్ గారు నవ్వుతూ తన ఫోను ఇచ్చేశారు. ఉబ్బినదాన్ని కార్యకర్తలే ఆయన చొక్కా జేబులో పెట్టి, గుండెకు దగ్గరగా ఉండాలని జేబు గుండీ కూడా పెట్టారు.

కాన్వాయ్ నంద్యాల వైపు బయలుదేరింది. శిరివెళ్ల దాటగానే చైర్మన్ గారి కారు ఆగింది. ఆయన దిగి, శరీరానికి తగని వేగంతో నడుస్తూ, చొక్కా విప్పి పొలంలోకి విసిరారు. ఢాం అని శబ్దం, తెల్లటి పొగ. వెనక బండ్లలో ఉన్న కార్యకర్తలు స్వాగత టపాసులనుకుని, తమ దగ్గరున్నవి కూడా కాల్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. బనీనుతో నిలబడిన చైర్మన్ గారికి రోడ్డు మీదే గజమాల వేశారు. మర్నాడు పేపర్లలో, అడిగిన ఆడబిడ్డకు ఫోను, పొలానికి చొక్కా ఇచ్చిన నాయకుడని వచ్చింది.

మా వదిన ఆ ఫోనును తీసుకుపోయింది. చార్జింగు పెట్టింది. ఎంతసేపైనా వెలగలేదు. దీనికి స్టిక్కర్ లేదు కాబట్టి యాకోబు ధైర్యంగా మూత విప్పాడు. లోపల బ్యాటరీ ఉండాల్సిన చోట మడిచిపెట్టిన అట్టముక్క ఉంది. ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

మా వదిన అట్టముక్కను తిరిగి లోపల పెట్టించింది.

"ఇదొక్కటి పిల్లోళ్ల కాడ పెట్టొచ్చులే," అంది. ఆమె బెంగ అంతా పై వారం బియ్యం గురించే. ఫొటో ఆగిపోయింది కదా.

నా ఫోనుతో తీసి పంపుదామంటే, మండలి ఫోను కానిది చెల్లదని రూలు. రెండు రోజుల తర్వాత మండలి సూపర్‌వైజర్ పుష్పావతి తనిఖీకి వచ్చింది. అన్నాల వేళ. మా వదిన ఏం చేయాలో తోచక ఆ ఫోనునే పిల్లల ముందు పట్టుకుని నిలబడింది. పిల్లలు నవ్వారు. పుష్పావతి చూసి, ఫోను పనితీరు తృప్తికరమని రాసుకుని, మజ్జిగ తాగి పోయింది. వారం తిరిగింది. ఒక్క ఫొటో కూడా పోలేదు. బియ్యం బండి మామూలుగానే వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. మా వదిన బస్తాలు దించుకుంది. పట్టకారును మళ్లీ పొయ్యి దగ్గర పెట్టేసింది.

నిన్న శశిధర్ ఫోన్ చేశాడు. రోజూ క్రమం తప్పకుండా ఫొటోలు పంపినందుకు మా వదిన కేంద్రాన్ని జిల్లాలో ఉత్తమ బాలవాడిగా ఎంపిక చేశారట. నంద్యాలలో సన్మానం, పెద్ద ఫ్లెక్సీ కావాలి. సంతోషించాను. ఆమె ఇన్నాళ్లుగా పంపిన ఫొటోల్లో మంచిది ఒకటి పంపితే ఫ్లెక్సీ మధ్యలో వేస్తానన్నాను.

అతను గొంతు తగ్గించాడు.

"నువ్వే పోయి ఒకటి తీయన్నా," అన్నాడు శశిధర్. "నీ ఫోన్‌తోనే తీయి. మాకు గూడా ఒకటి పంపు."