దివాకర వకీలు కేకు తెచ్చిన పర్వము

కామారెడ్డి బస్టాండు మైకులో నిత్యనివాసము చేయుచు, వచ్చిన బస్సును, పోనున్న బస్సును, తప్పిపోయిన పిల్లలను ఒక్క గొంతుతో ప్రకటించు ఓ తల్లీ, ఆ గొంతును నాకొక్క గడియ బదులిమ్ము. కార్తీకమాసపు పొద్దు పడమటికి వాలి, కొత్తవడ్లు రోడ్లవెంట ఆరబడి, కోర్టు వరండాలోని టైపు మిషన్లు ఒక్కొక్కటే ముసుగు తన్నిన వేళ, నల్లకోటుధారియు, వాయిదాభయంకరుడును, కక్షిదారజనవత్సలుడును అగు దివాకర వకీలు, భుజమున దస్త్రాల సంచియు చేత తెల్లని అట్టపెట్టెయు ధరించి, తన ఊరికి పోవు ఎల్లారెడ్డి బస్సును ముట్టడించిన కథను పాడెదను. ఆ పెట్టెలో కేకున్నది.

ఆ కేకు వెనుక ఒక ప్రతిజ్ఞయు, ప్రతిజ్ఞ వెనుక ఒక పరాభవమును గలవు. దివాకరుని కూతురు రమ్య నాలుగవ తరగతి. నిరుడు ఆమె పుట్టినరోజునకు ఈ వీరుడే, ఇదే బస్సులో, దారిపొడవునా నిలబడి కేకు తెచ్చెను. ఇల్లు చేరి మూత తీయగా సగము కేకు అడుగున, సగము మూతకు అంటుకొని ఉండెను. పిల్ల ఏడ్చినా బాగుండెడిది. ఏడ్వలేదు. వంటింటిలోనికి పోయి చెంచా తెచ్చుకొని, మూతను ఒడిలో పెట్టుకొని గీకి తిని, "మంచిగున్నది బాపు. వచ్చేసారి తేకు గని, బస్సుల నీకు తిప్పలైతది" అనెను. ఏ జడ్జి మాటయు చేరనంత లోతున ఆ మాట ఆయనకు తగిలెను. ఎల్లారెడ్డిలో బేకరీలు లేక కాదు. ఓడిన తొవ్వలోనే గెలువవలెనని ఆ రాత్రియే ఒట్టు పెట్టుకొనెను.

కారు లేదా అందురేమో. ఉన్నది. కాని దివాకరుని వస్తువులేవియు దివాకరుని వద్ద ఉండవు. ఆయన నిచ్చెన గుడి కమిటీ దగ్గర, గొడుగు సంఘమువారి దగ్గర, కారు పొద్దున్నే పక్కింటి సిద్ధిరాములు కోడలిని కాన్పుకు తీసికొని నిజామాబాదు పోయెను. "అడిగితే ఇంటి తలుపులు సుత పీకి ఇస్తవు" అని ఇల్లాలు నిరోష దెప్పుచునే కారు తాళము చెవి తానే తెచ్చి ఇచ్చెను. తుదకు జేబులోని దస్తీ కూడ, కోర్టు వరండాలో కన్నీరు కార్చుచున్న ముత్తయ్య అను కక్షిదారునికి దానమయ్యెను. ఈ కడపటి దానమే ఆనాడు కొంప ముంచెను.

ఏలయన, ఆ మార్గమున దస్తీయే ఆయుధము. బస్సు నిలిచీ నిలువకముందే కిటికీలోనుండి దస్తీ విసిరి ఏ సీటుమీద పడవేసిన ఆ సీటు విసిరినవారిదని అక్కడి అలిఖిత శాసనము. ఆడవారికి టికెట్టు లేని ప్రయాణము వచ్చిన నాటినుండి సీటు మరింత దుర్లభమై, దస్తీల పోరు మరింత ఘోరమయ్యెను.

అంతలో ధూళిధూసరితగాత్రమై, హారన్ నాదమున దిక్కులు దద్దరిల్ల, పల్లెవెలుగు రథము ప్రవేశించెను. సంచులు, మూటలు, చంకబిడ్డలు, మోచేతులు ఏకసముద్రమై దాని తలుపుపై విరుచుకుపడినవి. కిటికీలలోనికి ఎర్రదస్తీలు, గళ్లదస్తీలు, టవాళ్లు, ఒకచోట పాలక్యాను మూత కూడ ఎగిరి పడినవి. దివాకరుడు జేబు తడివెను. మరల తడివెను. కిటికీ పక్క సీటొకటి ఖాళీగా కనబడుచుండ, ఆ మహామతి ఇక తాళలేక, న్యాయస్థానమున తన కంఠసీమనలంకరించు తెల్లపట్టీని ఒక్క గుంజుడున పెరికి, గురిచూసి విసరెను. అది రెపరెపలాడుచు పోయి సరిగ్గా సీటు నడుమ వాలెను. పెట్టెను శిరస్సుపై ఎత్తిపట్టి, "జరుగుండ్రి, జరగ జరుగుండ్రి" అని వేడుకొనుచు, పాదములు తొక్కుచు, తొక్కించుకొనుచు ఆయన లోనికి చొచ్చుకొనిపోయి చూడగా, ఆ సీటులో బీడీల ఆకుల మూటను కాళ్లనడుమ పెట్టుకొని లింగంపేట దేవవ్వ కూర్చుండి యుండెను.

"అవ్వా, ఆ సీటు నాది. తెల్లపట్టీ ఏసిన గద."

"గిదా బిడ్డా?" ముసలమ్మ పిడికిలి విప్పెను. "ఎవలో కట్టుగుడ్డ పారేసిండ్రనుకున్న. సీటంత దుమ్మున్నది, మంచిగ తుడ్సిన. ఇగో, తీస్కో."

న్యాయదేవత మెడపట్టీ మసిగుడ్డయై ఆయన అరచేత వాలెను. అపుడా వాదభీకరుడు పెట్టెను ఎదకు హత్తుకొని, గొంతు సవరించుకొని, బస్సెల్ల వినునట్లు పలికెను:

"ప్రయాణికమహాజనులారా! దస్తీ యనగా నూలుపోగుల సమూహము మాత్రమే కాదు. అది మనుష్యుని మాట. విసిరినవాని సంకల్పము దానిలో కూర్చుండి యుండును. ఆ మాట చెల్లదన్ననాడు ఈ మార్గమున ధర్మమెక్కడ, క్రమమెక్కడ, కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని నడుమ నాగరికత యెక్కడ? నా పట్టీ ముందు వచ్చినది, అవ్వ తరువాత వచ్చినది. తీర్పు మీరే చెప్పుడు."

కండక్టరు అనిల కూడ టికెట్ల మిషను ఆపి చూచెను. తలలు ఆయన దిక్కే ఊగినవి. గెలుపు గడప దాకా వచ్చెను.

అప్పుడు వెనుక సీటునుండి సెల్‌ఫోన్లు బాగుచేయు భీమేష్ లేచి, భక్తితో చేతులు జోడించెను.

"సారుకు యాదికున్నదా? దసరా ముంగట గిదే బస్సుల నేను కూసుంటె, ఒకాయన దస్తీ ఏసిన, లెవ్వుమన్నడు. సారు నా దిక్కు నిలబడ్డడు. దస్తీకి పానం లేదు, టికెట్ లేదు, కూసున్నోల్లదే సీటు అన్నడు. నన్ను లేపనియ్యలే. సారు మాటంటె మాటనే. గా దినం సంది ఈ బస్సుల గదే నడుస్తున్నది."

సారును పొగడితినని మురిసిపోవుచు భీమేష్ కూర్చుండెను. శత్రువు చేసిన గాయమునకు మందున్నది గాని, కృతజ్ఞుడు చేసిన గాయమునకు ఏమున్నది? ఆ వాదము తనదే. అంతకన్న మంచి వాదము తానెన్నడును చేసి ఎరుగడు.

"లేస్త తియ్ బిడ్డా, పెద్దసారువు" అని దేవవ్వ ముందుసీటు కడ్డీ పట్టుకొని, మోకాళ్లు కలుక్కుమన, సగము లేచెను.

"కూసో అవ్వా. భీమేష్ చెప్పింది నిజమే. నేనే అన్న."

"మరి గా డబ్బా ఏంది, పసిపోరగాన్ని ఎత్తుకున్నట్టు పట్టుకున్నవు?"

"బిడ్డ పుట్టినరోజు అవ్వా. కేకు. నిరుడు బస్సుల ఆగమైంది."

దేవవ్వ కొంగు దులిపి ఒడి సరిచేసికొనెను. "సీటు ఇయ్య గని, ఒడి ఇస్త. ఇటియ్యి."

ఆ మీదట జరిగిన సంగ్రామమును ఏమని వర్ణింతును. దివాకరుడు రెండు చేతులను కడ్డీలకు చాచి, ఆ ఒడికి కోటగోడయై నిలిచెను. తాడ్వాయిలో ఎక్కిన జనము ఆయన వీపుపై విరిగిపడెను, గోడ కదలలేదు. బియ్యపుసంచి యొకటి ఆయన పిక్కను, గొడుగుకొన యొకటి ఆయన డొక్కను పొడిచెను. స్పీడ్ బ్రేకరు రాక్షసుడు బస్సునెత్తి వేసినప్పుడెల్ల దేవవ్వ పెట్టెను ఒడినుండి జానెడు లేపి, "పోయిందా?" అని అడిగి, మరల దింపుచుండెను. ఆయన కిటికీలోనుండి వంగి చూచి, "ఇంకొకటి ఉన్నది" అని జవాబిచ్చుచుండెను.

లింగంపేట వచ్చెను. సీటుకై నలుదిక్కుల చేతులు లేచినవి. దేవవ్వ లేవలేదు.

"ముందు నువ్వు కూసో" అనుచు కొంచెము జరిగెను. "అటెన్క నేను లేస్త. ఖాళీ అయితె ఇంకొకలు కూసుంటరు. నీ కానూనే గద."

ఆయన అంచున ఆనెను, ఆమె లేచెను, నడుమ ఈగ వాలుటకును సందు లేకపోయెను. పెట్టె ఆయన ఒడికి వచ్చెను. మూట నెత్తికెత్తుకొని, "దేవవ్వ దీవెనలని చెప్పు పిల్లకు" అని ఆమె దిగిపోయెను. థాంక్స్ చెప్పవలెనని ఆయనకు తోచునప్పటికి బస్సు కదిలెను.

ఎల్లారెడ్డిలో ఇంటి తలుపు తీసియే ఉండెను. చాపమీద రమ్య కూర్చుండెను, చేతిలో చెంచాతో. బాపు తెచ్చునని తెలిసి, ఎట్లు తెచ్చునో కూడ తెలిసి, ముందుగానే తెచ్చుకొని కూర్చున్నది. వకీలు ఆ చెంచాను చూచెను. పెట్టెను ఆమె ముందు పెట్టి, గోడవైపు తిరిగి, కోటు విప్పుచున్నట్లు నటించెను.

పిల్ల మూత తీసెను. మూతను వెలుతురుకు పట్టి చూచెను. తిరగేసి చూచెను. లేచి వంటింటిలోనికి పోయి, చెంచాను గిన్నెల బుట్టలో వేసి, కత్తి పట్టుకొని వచ్చెను.

దివాకరుడు దస్తీకై జేబు తడివెను. లేదు. చేతికందిన పట్టీతోనే కన్నులు తుడుచుకొనెను.

"మొకానికి గా మసి ఏంది?" అనెను నిరోష.

ఓ ఎల్లారెడ్డి పురజనులారా, కామారెడ్డి బస్టాండు మైకు సాక్షిగా వినుడు. ఎల్లారెడ్డి బస్సులో సీటు కోల్పోయి, వాదము కోల్పోయి, మెడపట్టీ మాసి, పిక్క కమిలి, దివాకర వకీలు జయించెను. మూతకు క్రీము అంటలేదు.