రాళ్లమిట్టకు ఉన్ని చొక్కాలు

సముద్రానికి ఆవలి క్రైస్తవులూ ఈవలి క్రైస్తవులూ సరిసమానులని 1946 ఫిబ్రవరిలో తీర్మానమైంది. అంతకుముందు సంగతి అనవసరం, ఆ నెల నుంచి మాత్రం సమానమే. ఆవలి సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది (ఈవలివాళ్లను అడగలేదు, సమానులను అడిగేదేముంది?). ఇకమీదట 'దానం' అనే మాట వాడరాదనీ, 'భాగస్వామ్యం' అనవలెననీ, నోరు జారినవారు సంజాయిషీ రాసివ్వవలెననీ మన మిషను కచేరీకి ఉత్తరువు వచ్చింది.

భాగస్వామ్యమన్నాక పత్రం ఉండాలి. పూతలపట్టు దగ్గరి రాళ్లమిట్ట వాడకు ఆ పత్రం చేరేనాటికి అక్కడి బావి అడుగున బండ తగిలి, నీళ్లు అడుగంటి నాలుగు నెలలైంది. ఊళ్లో ఇంకో బావి ఉంది గానీ అందులో వాడవారి చేద పడడానికి లేదు (ఈ సమానత్వం మీద తీర్మానం ఇంకా కాలేదు). ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి, ఏటి ఇసుకలో చెలమ తవ్వి, గంటకో కుండ తోడుకుంటున్నారు. సంఘపెద్ద చిన్నబ్బ కోడలు మునెమ్మ కాపురానికి వచ్చిన మరునాడే కుండ ఎత్తింది. వాడవారు కోరింది బండ పేల్చే మందు, పేల్చడం తెలిసిన మనిషి ఒకడు. తక్కిన తవ్వకం తామే చేసుకుంటామన్నారు.

పత్రం నింపింది జ్ఞానాంబ. వాడవాడా తిరిగి బైబిలు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. అబద్ధం రాయడం చేతకాదు. ముప్పంతా అక్కడే వచ్చింది. పత్రంలో బైబిళ్లకూ, మందులకూ, దుస్తులకూ, వాద్యాలకూ గళ్లున్నాయి. నీళ్లకు లేదు, కొళాయి తిప్పితే నీళ్లు వచ్చే దేశంలో అచ్చయిన కాగితం మరి. బావిని 'ఇతరములు' కింద రాసింది. దుస్తుల గడిలో 'కప్పుకొనుటకు చాలినంత కలదా?' అని ఉంటే 'లేదు' అని రాసింది. యుద్ధం నాటి నుంచి బట్టకు కరువే కదా.

'ఇతరములు' ఆవలి సంఘం మహాసభలో మూడోనాడు చర్చకు వస్తాయి. ఆ ఏడు మహాసభ రెండోనాడే దిగ్విజయంగా ముగిసింది.

మరుసటి ఏడు మే నెలలో పెట్టెలు దిగాయి. నలభై రెండు ఉన్ని చొక్కాలు, అన్నే మేజోళ్ల జతలు, చెవులు మూసే టోపీలు. అక్కడి ముసలమ్మలు చలికాలమంతా కూర్చుని తమ చేతులతో అల్లినవి. వాటిలో ప్రేమ ఉంది, కాదనడానికి నాకు నోరు రాదు. ప్రేమతో పాటు చొక్కాకు శేరు బరువు ఉన్ని కూడా ఉంది.

"అయ్యా, మేమడిగింది బాయి గదా?" అంది జ్ఞానాంబ.

"బాయి ఇతరముల్లో ఉండాదక్కా. ఇది దుస్తుల్లో వచ్చినాది. రెండూ వేరే దస్త్రాలు," అన్నాడు మిషను గుమాస్తా సుందరరాజు.

చిన్నబ్బ ఒక చొక్కా ఎత్తి చూశాడు. "ఈ ఎండలకి మేము గొర్రెలకే బొచ్చు కత్తిరిస్తాము గదప్పా. మాకు తొడగమంటారా?"

"తొడగాల. ఫొటో పంపకుంటే రెండో పత్రం రాదు. రెండో పత్రం రాకుంటే నీ బాయి మాట ఎత్తేదానికే లేదు."

బావి కోసం వాడంతా తొడుక్కుంది. చిత్తూరు నుంచి ఫొటోగ్రాఫరు వచ్చాడు. నిబంధనల ప్రకారం వెలుతురు బాగుండాలి కాబట్టి మిట్టమధ్యాహ్నం నిలబెట్టారు. సంతోషం కనపడవలెను, పళ్లు కనపడరాదు. పళ్ల సంగతి తేలేసరికి గంట పట్టింది. అప్పుడే చెలమ నుంచి వచ్చిన మునెమ్మ, ఎనిమిదో నెల కడుపుతో, కుండ దించి ముందు వరుసలో నిలబడింది. ఫొటో తీయగానే కూలబడిపోయింది. ఆమె ముఖాన జ్ఞానాంబ నీళ్లు చల్లుతుంటే ఫొటోగ్రాఫరు పెట్టె సర్దుకున్నాడు. మిషనువాళ్లతో వచ్చి చూస్తున్న నాకు ఒళ్లు మండింది (నా పేరు ఏ గడిలోనూ లేదు కనుక ఊరుకున్నాను).

జవాబు రావడానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మునెమ్మకు ఆడపిల్ల పుట్టింది, బావిలో బండ మాత్రం కదల్లేదు. సుందరరాజు ఉత్తరం చదివి వినిపించాడు.

'ప్రియ భాగస్వాములారా, ఫొటో చూసి మా కళ్లు చెమర్చాయి. అందరి ముఖాలూ అప్పుడే కడుక్కున్నట్టు తడిగా ఉన్నవి. ముందు వరుసలో నిండుకుండ కూడా కనిపించుచున్నది. కావున బావి పూర్తయినట్లు నమోదు చేసి, ఆ దస్త్రం మూసివేయడమైనది.'

"అది సెమటప్పా," అన్నాడు చిన్నబ్బ.

"నాకు తెలుసు. ఫొటోలో తెలీదే."

"కాదని రాయి."

"వాళ్లు సూసింది అబద్ధమని మనం రాస్తే భాగస్వామ్యం ఏం కావాల? ఇంకా ఉండాది, విను."

ఉత్తరం కింద ఇంకొక కోరిక ఉంది. భాగస్వామ్యమంటే పుచ్చుకోవడమే కాదు, పంచడం కూడా గనుక, సమృద్ధిగా నీళ్లున్న రాళ్లమిట్ట సంఘం నీళ్లు లేని మరొక సంఘాన్ని ఆదుకోవలెను. పత్రం జతపరచడమైనది. అందులో రెండే గళ్లు. 'ఆదుకొను సంఘము' గడిలో రాళ్లమిట్ట అని ముందే అచ్చు వేసి ఉంది. 'నీళ్లు లేని సంఘము' గడి ఖాళీగా ఉంది.

జ్ఞానాంబ కలం తీసింది. అబద్ధం రాయడం అప్పటికీ చేతకాలేదు. రాళ్లమిట్ట అనే రాసి సంతకం పెట్టింది.

ఒకే పేరు రెండు గళ్లలో ఉండరాదన్న నిబంధన కింద ఆ పత్రం తిరిగి వచ్చింది.